లెక్కల టీచర్‌కు ఏడాది ప్లాన్: పాఠాలనూ పోటీలనూ కలిపి నడపడం ఎలా

చాలా బళ్లలో లెక్కల పోటీ ఉన్నట్టుండి ఊడిపడుతుంది. ఆఫీసు రూము నుంచి ఒక కాగితం వస్తుంది, పేర్లు పంపడానికి ఆఖరి తేదీ ఎల్లుండి. తరగతిలో ఎప్పుడూ ముందుగా చెయ్యెత్తే నలుగురి పేర్లు రాసి పంపేస్తారు. వాళ్లకు రెండు వారాలు పాత పేపర్లు చేయిస్తారు. ఎవరికైనా బహుమతి వస్తే ఉదయం ప్రార్థనలో చప్పట్లు, రాకపోతే ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. మిగతా పిల్లలకు పోటీ జరిగిందనే తెలియదు.

దేశదేశాల హైస్కూలు పిల్లలు పోటీపడే అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ పరీక్ష రెండు రోజులు. రోజుకు మూడు లెక్కలు, నాలుగున్నర గంటలు. అంటే ఒక్కో లెక్కకు సగటున గంటన్నర. తరగతిలో మనం ఒక లెక్కకు ఇచ్చే టైము ఎంత? మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. ఈలోగా ఎవరూ చెప్పకపోతే బోర్డు మీద మనమే మొదలుపెట్టి మనమే ముగిస్తాం. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని రెండు వారాల కోచింగ్ పూడ్చలేదు. ఏడాది పొడవునా, అందరు పిల్లల్నీ, ఒక లెక్క దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోబెడితేనే అది తగ్గుతుంది. కింద రాసినదంతా దాని చుట్టూ ఉన్న పనే. హైస్కూలు తరగతులకు లెక్కలు చెప్పేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు: ఎవరికి ఏం అర్థమైందో చూడండి

బడి తెరవగానే పాఠంలోకి దూకకండి. ముందు పది చిన్న ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వండి. మార్కులు ఉండవని ముందే చెప్పండి, పేరు మాత్రం రాయించండి. కష్టమైన ప్రశ్నలు అక్కర్లేదు. తప్పుగా పాతుకుపోయిన ఆలోచనను బయటపెట్టే ప్రశ్నలు కావాలి.

0.5 పెద్దదా, 0.35 పెద్దదా అని అడగండి. 0.35 అన్నవాళ్లు చుక్కను పక్కన పెట్టి 35నూ 5నూ పోలుస్తున్నారు. 8 + 4 = □ + 5 ఇచ్చి గడి నింపమనండి. 12 రాసినవాళ్లకు సమాన గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని మాత్రమే తెలుసు, రెండు వైపులా ఒకే విలువ ఉండాలని తెలియదు. 7 రాయాల్సిన చోట 12 రాసిన ఈ పిల్లలే రెండు నెలల తర్వాత సమీకరణాల పాఠంలో ఆగిపోతారు, మనమేమో బీజగణితం రాలేదని అనుకుంటాం. 1/2 + 1/3 అడిగితే 2/5 రాసేవాళ్లు తొమ్మిదో తరగతిలోనూ కనబడతారు. దీర్ఘచతురస్రం చుట్టుకొలత పెరిగితే వైశాల్యం తప్పకుండా పెరుగుతుందా అన్నది ఇంకో మంచి ప్రశ్న. భుజాలు 5, 5 అయితే చుట్టుకొలత 20, వైశాల్యం 25. భుజాలు 12, 1 అయితే చుట్టుకొలత 26కు పెరిగింది, వైశాల్యం 12కు పడిపోయింది. ఇలాంటి ఒక్క ఉదాహరణ సొంతంగా వెతికి పట్టుకోగలిగిన పిల్లవాణ్ణి గుర్తుపెట్టుకోండి, మిగతా తొమ్మిదీ తప్పు రాసినా సరే.

కాగితాలు దిద్దేటప్పుడు పదికి ఎన్ని వచ్చాయో రాయకండి. తప్పుల్ని రకాలుగా విడదీసి, ఏ రకం తప్పు ఎవరు చేశారో పట్టిక వేసుకోండి. మొదటి నెలలో ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు కావాలో ఈ పట్టికే చెబుతుంది.

పోటీ టీమును మాత్రం ఇప్పుడే ఎంచకండి. గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకాన్ని 2014లో అందుకున్న తొలి మహిళ మరియం మీర్జాఖానీ సంగతే చూడండి. ఇరాన్ తరఫున ఒలింపియాడ్‌లో 1994లో ఒకటి, 1995లో ఒకటి, రెండు బంగారు పతకాలు తెచ్చింది. రెండోసారి 42కి 42 మార్కులు. అదే అమ్మాయి మిడిల్ స్కూలు మొదటి ఏడాది లెక్కల్లో వెనకబడి ఉండేది, ఆమె టీచర్‌కు ఆమెలో ప్రత్యేకత ఏమీ కనబడలేదు. ఆ ఏడాదే ఎవరో జాబితా రాసి తాళం వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

క్యాలెండర్ వేసుకోవడం

పుస్తకంలో ఎన్ని పాఠాలున్నాయో లెక్కపెట్టే ముందు, చేతిలో నిజంగా ఎన్ని పీరియడ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. సెలవులు, పరీక్షలు, ఆటల రోజులు, వార్షికోత్సవం రిహార్సల్స్ తీసేయండి. మిగిలిన దాంట్లోంచి ఆరింట ఒక వంతు ఖాళీగా పక్కన పెట్టండి. అది ఎలాగూ ఏదో ఒక పనికి పోతుంది, ముందే ఒప్పుకుంటే టెన్షన్ ఉండదు. ఇక మిగిలినదే మీ సంవత్సరం.

పాఠాల వరుసకు పుస్తకాన్నే పట్టుకు వేలాడనక్కర్లేదు. భిన్నాలు గట్టిపడకుండా నిష్పత్తి, నిష్పత్తి రాకుండా శాతాలు మొదలుపెడితే మూడూ పోతాయి. రుణ సంఖ్యల దగ్గర వారం ఎక్కువ గడిపితే బీజగణితంలో రెండు వారాలు మిగులుతాయి. జ్యామితిని చివరికి నెట్టేసే అలవాటు చాలామందికి ఉంది. పోటీ పేపర్లలో జ్యామితి లెక్కలు తప్పకుండా వస్తాయి కాబట్టి దాన్ని ఏడాది మధ్యకు తెచ్చుకోండి.

ప్రతి పీరియడ్ మొదటి ఐదు నిమిషాలూ మూడు చిన్న లెక్కలకు కేటాయించండి: నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన నెల పాఠంలోంచి ఒకటి, టర్మ్ మొదట్లో చెప్పినదాంట్లోంచి ఒకటి. నేర్చుకున్నది ఎంత వేగంగా మరుపున పడుతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. విరామాలిచ్చి మళ్లీ మళ్లీ తలుచుకుంటే నిలుస్తుందని కూడా ఆయనే చూపించాడు. యూనిట్ టెస్టు ముందు రోజు రివిజన్ కన్నా ఈ ఐదు నిమిషాలు ఎక్కువ పని చేస్తాయి.

తర్వాత, పోటీల తేదీలను అదే క్యాలెండర్ మీద వేరే రంగుతో రాయండి. పరీక్ష తేదీ ఒక్కటే రాస్తే లాభం లేదు. పేర్లు నమోదు చేసే ఆఖరి తేదీ రాయండి, దానికి మూడు వారాల ముందు ఇంకో గుర్తు పెట్టండి. అవకాశాలు ఎక్కువగా చేజారేది లెక్కలు రాకపోవడం వల్ల కాదు, ఈ తేదీ దాటిపోవడం వల్ల.

వారానికి ఒక లెక్క

ఏడాదిలో ఒక్క పనే చేయగలిగితే ఇదొక్కటే చేయండి.

బడిలో అందరూ నడిచే వరండాలో ఒక బోర్డు పెట్టించండి. తరగతి గదిలో పెడితే అది ఆ తరగతి సొత్తవుతుంది. సోమవారం ఉదయం రెండు లెక్కలు రాయండి, ఒకటి చిన్నవాళ్లకు, ఒకటి పెద్దవాళ్లకు. ఎవరైనా ఏదైనా చేయవచ్చు. పక్కనే ఒక పెట్టె. శుక్రవారం సాయంత్రం దాకా కాగితాలు అందులో వేయవచ్చు. ఇంట్లో అడగవచ్చు, స్నేహితులతో మాట్లాడవచ్చు, కానీ ఎవరి సాయం తీసుకున్నారో కాగితం మీద రాయాలి. ఉత్త జవాబు రాస్తే ఒక మార్కు. అసలు మార్కులన్నీ ఎందుకు అలా వచ్చిందో రాసినదానికే.

దిద్దడానికి ఒలింపియాడ్ పద్ధతి తీసుకోండి. అక్కడ ఒక్కో లెక్కకు 7 మార్కులు, ఆరు లెక్కలకు 42. పూర్తి పరిష్కారానికి 7, చిన్న లోపం ఉంటే 6 లేదా 5, దారి సరైనదే అయి మధ్యలో ఆగిపోతే 2 లేదా 3. ఒక ఉదాహరణ చెబుతాను. "వరుసగా ఉన్న ఏ మూడు సంఖ్యల మొత్తమైనా 3తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఎందుకు?" అని బోర్డు మీద రాశారనుకోండి.

ఒకరు 4 + 5 + 6 = 15, 10 + 11 + 12 = 33, 99 + 100 + 101 = 300 అని రాసి, కాబట్టి నిజమే అంటారు. ఇది పరీక్షించి చూడటం, నిరూపణ కాదు. 1 మార్కు ఇచ్చి, "వెయ్యి ఉదాహరణలు చూసినా వెయ్యిన్నొకటోది కూడా కుదురుతుందని ఎలా తెలుసు?" అని పక్కన రాయండి. ఇంకొకరు మొదటి సంఖ్యకు ఒక అక్షరం పెట్టుకుని, మొత్తం ఆ అక్షరానికి మూడు రెట్లు ప్లస్ మూడు అని చూపించి, అందులోంచి 3ను బయటికి తీస్తారు. పూర్తి 7. మూడో అమ్మాయి ఒక్క అక్షరం కూడా వాడదు: "పెద్ద సంఖ్యలోంచి ఒకటి తీసి చిన్న సంఖ్యకు ఇస్తే మూడూ మధ్య సంఖ్యతో సమానమవుతాయి. మొత్తం మధ్య సంఖ్యకు మూడు రెట్లు." దీనికీ పూర్తి 7. పుస్తకం పద్ధతిలో లేదని ఇక్కడ ఒక్క మార్కు తగ్గించినా ఆ అమ్మాయి మళ్లీ పెట్టె వైపు రాదు.

తర్వాతి సోమవారం ఆ మూడు రకాల జవాబులనూ, మొదటిదానికి పేరు లేకుండా, బోర్డు పక్కన అంటించండి. కింద ఇంకో ప్రశ్న: వరుసగా నాలుగు సంఖ్యలైతే మొత్తం 4తో భాగించబడుతుందా? ఒక్కసారి కూడా కాదు. ఐదైతే? ఎప్పుడూ అవుతుంది. మరి ఎన్ని సంఖ్యలైతే అవుతుంది, ఎన్నైతే కాదు? సరి, బేసి తేడా తమంతట తాము కనిపెట్టినవాళ్లు దాన్ని ఇక మరిచిపోరు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1894లో హంగరీలోని ద్యోర్ పట్టణంలో డేనియల్ అరన్య్ అనే హైస్కూలు మాస్టారు పిల్లల కోసం లెక్కల మాసపత్రిక ఒకటి మొదలుపెట్టాడు. నెలనెలా లెక్కలు అచ్చువేయడం, పిల్లలు పరిష్కారాలు రాసి పంపడం, బాగున్నవి పంపినవాళ్ల పేర్లతో వేయడం. పాల్ ఏర్డిష్ లాంటి గణితవేత్తలు చిన్నప్పుడు దానికి జవాబులు రాసి పంపినవాళ్లే. వరండాలో బోర్డూ పెట్టే పెడితే ఆ పని మీ బడి మేరకు మీరూ చేస్తున్నట్టే.

లెక్కలు ఎక్కడి నుంచి తేవాలి? కష్టమైనవాటి కోసం వెతకకండి. నేను మూడు సంగతులు చూస్తాను: లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాడు కూడా రెండు నిమిషాల్లో ఏదో ఒకటి మొదలుపెట్టగలగాలి, సూత్రంలో సంఖ్యలు వేస్తే తేలిపోకూడదు, ఒకటికి మించి దారులుండాలి. నాకౌట్ టోర్నమెంట్ లెక్క దీనికి చక్కగా సరిపోతుంది. 57 మంది ఆటగాళ్లు, ఓడినవాడు ఇంటికి, జోడీ దొరకనివాడు నేరుగా తర్వాతి రౌండుకు. విజేత తేలాలంటే మొత్తం ఎన్ని ఆటలు? చాలామంది 28, 14, 7, 4, 2, 1 అని రౌండు రౌండుకూ కూడి 56 తెస్తారు. ఎవరో ఒకరు మాత్రం "ఒక్కో ఆటలో ఒక్కరే పోతారు, 56 మంది పోవాలి, కాబట్టి 56 ఆటలు" అని ఒక్క వాక్యంలో రాస్తారు. ఆ వాక్యం చదివాక మొదటి రకంగా చేసినవాళ్ల ముఖాలు చూడాలి!

2025 ఏడులను ఒకదానితో ఒకటి గుణిస్తే చివరి అంకె ఏమిటి అన్నది ఇంకొకటి. 7, 9, 3, 1 అని చివరి అంకెలు నాలుగింటికోసారి తిరుగుతాయి, 2025ను 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి జవాబు 7. ఒక గదిలో కొందరు ఒకరితో ఒకరు చేతులు కలిపారు, బేసి సార్లు చేయి కలిపినవాళ్ల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే అవుతుంది, ఎందుకని అన్నది పెద్ద తరగతులకు బాగుంటుంది. సంఖ్యల లక్షణాలూ, లెక్కించే పద్ధతులూ పోటీ పేపర్ల నిండా ఉంటాయి, బడి పుస్తకాల్లో మాత్రం కొద్దిగానే ఉంటాయి. ఆ ఖాళీ నింపేది ఈ బోర్డే.

దిద్దే భారం గురించి ఒక మాట. మొదట్లో ఐదారు కాగితాలే వస్తాయి. నిరుత్సాహపడి ఆపేయకండి. ఎక్కువ వస్తున్నప్పుడు పై తరగతి పిల్లలిద్దరిని చిన్నవాళ్ల కాగితాలు చదవడానికి పెట్టుకోండి. ఇతరుల నిరూపణలో లోపం పట్టుకోవడం వాళ్లకు ఏ కోచింగ్ కన్నా మంచి చదువు.

లెక్కల క్లబ్బు

రెండో నెల నుంచి వారానికొకసారి, బడి అయ్యాక గంట. రావాలనుకున్న ఎవరైనా రావచ్చు. మార్కుల హద్దు పెట్టకండి. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టి, గుంపుకు ఒకే కాగితం, ఒకే పెన్ను ఇవ్వండి. తలో కాగితం ఇస్తే మాట్లాడుకోరు.

ఇక్కడ మీ పని జవాబు చెప్పకుండా ఉండటం. అది చూడ్డానికి తేలికే గానీ ఇరవై ఏళ్లుగా బోర్డు ముందు నిలబడ్డవాళ్లకు మహా కష్టం. అందుకే ప్రతి లెక్కకూ మూడు హింట్లు ముందే చీటీల మీద రాసి పెట్టుకోండి. గుంపు నిజంగా ఆగిపోయినప్పుడు ఒక్క చీటీ ఇచ్చి పక్కకు జరగండి.

చదరంగం బల్ల లెక్క తీసుకుందాం. 64 గళ్లలో ఐమూలగా ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు గళ్లు కోసేశాం. 62 మిగిలాయి. రెండు గళ్లను కప్పే పలకలు 31 ఉన్నాయి. మిగిలిన బల్లంతా కప్పగలమా? పిల్లలు పావుగంట పలకలు పేరుస్తూనే ఉంటారు, ప్రతిసారీ రెండు గళ్లు మిగిలిపోతాయి. పేర్చనివ్వండి. మొదటి చీటీ: "ఇంత పెద్ద బల్ల ఎందుకు, నాలుగు వరుసలు, నాలుగు నిలువులు ఉన్న బల్లతో చేసి చూడండి." రెండోది: "పలకను ఎక్కడ పెట్టినా దాని కింద ఉన్న రెండు గళ్ల విషయంలో ఎప్పుడూ మారనిది ఏమిటి?" మూడోది: "కోసేసిన మూలల రంగు చూశారా?" ఎదురెదురు మూలలు ఒకే రంగువి. కాబట్టి ఒక రంగు గళ్లు 32, ఇంకో రంగువి 30 మిగిలాయి. ప్రతి పలకా ఒక నల్ల గడినీ ఒక తెల్ల గడినీ కప్పుతుంది. ఇక ఎన్ని రకాలుగా పేర్చినా కుదరదు. "మాకు చేతకాలేదు" అన్నదానికీ "ఎవరికీ చేతకాదు" అన్నదానికీ ఉన్న తేడా ఆ రోజు క్లబ్బులో అందరికీ తెలుస్తుంది.

లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) 1934లో, మాస్కోలో 1935లో నగర స్థాయి లెక్కల ఒలింపియాడ్‌లు మొదలయ్యాయి. వాటితో పాటే అక్కడ బడి అయ్యాక కూడే లెక్కల సర్కిళ్లు పెరిగాయి. ఆ సర్కిళ్ల పద్ధతి ఒకటి తీసుకోదగ్గది: పిల్లవాడు తన పరిష్కారాన్ని రాసి ఇవ్వడం కాకుండా, ఒక పెద్ద విద్యార్థి పక్కన కూర్చుని నోటితో వివరిస్తాడు. వినేవాడు "ఇది ఎందుకు?" అని అడుగుతూ పోతాడు. రాయడానికి బద్ధకించే పిల్లలు చాలామంది నోటితో చక్కగా చెప్పగలరు. అలా ఒకసారి చెప్పాక రాయడమూ తేలికవుతుంది.

క్లబ్బుకు వచ్చేవాళ్లలో అమ్మాయిలు ఎందరో గమనించండి. తగ్గుతుంటే టైము వల్లనా, ఇంటికి వెళ్లే దారి వల్లనా, ఒకరిద్దరు అబ్బాయిలు జవాబులు అరిచేయడం వల్లనా అని అడిగి తెలుసుకోండి. ఒలింపియాడ్‌కు వచ్చే అమ్మాయిలు తక్కువన్న కారణంతోనే యూరప్ దేశాలు 2012లో కేంబ్రిడ్జ్‌లో అమ్మాయిలకు ప్రత్యేక ఒలింపియాడ్ మొదలుపెట్టాయి. బడి స్థాయిలో అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. జవాబు తెలిసినవాడు రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉండాలన్న నియమం పెడితే సగం పని అవుతుంది.

ఏ పోటీకి పంపాలి

ఒలింపియాడ్ అనే మాటను ఎవరైనా తమ పరీక్ష పేరులో పెట్టుకోవచ్చు. అందుకే పేరు చూసి ఫీజు కట్టకండి. పాత ప్రశ్నపత్రం తెప్పించుకుని కూర్చుని మీరే చేయండి. బడి పాఠంలోని లెక్కలే పెద్ద సంఖ్యలతో ఇచ్చి ఉంటే అది ఇంకో యూనిట్ టెస్టు, అంతే. రాసినవాళ్లందరికీ మెడల్ అన్నా, పుస్తకాలు కొంటేనే పరీక్ష అన్నా నేనైతే దూరంగా ఉంటాను.

మంచి పోటీలు స్థూలంగా రెండు తీరులు. మొదటివి అందరి కోసం: గంట, గంటన్నర సేపు బహుళైచ్ఛిక ప్రశ్నలు, మొదట్లో తేలికవి, చివరికి వచ్చేసరికి గట్టివి. కంగారూ పోటీ ఇలాంటిదే. ఆస్ట్రేలియాలో నడుస్తున్న పోటీని చూసి 1991లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టారు, ఆ పేరు అందుకే వచ్చింది. వీటికి తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టవచ్చు. రెండోవి నిరూపణలు రాయాల్సినవి, దేశ స్థాయి వడపోతల మీదుగా అంతర్జాతీయ ఒలింపియాడ్ దాకా తీసుకెళ్లేవి. అంతర్జాతీయ ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో ఏడు దేశాలతో మొదలైంది. ఇప్పుడు దేశానికి ఆరుగురు దాకా వెళ్లవచ్చు, 20 ఏళ్లలోపు ఉండాలి, యూనివర్సిటీలో చేరి ఉండకూడదు. ఈ రెండో రకానికి ఆరు నెలలుగా మీ పెట్టెలో కాగితాలు వేస్తున్నవాళ్లను పంపండి, వాళ్ల క్లాసు ర్యాంకు ఎంతైనా సరే. టీములుగా ఆడే పోటీలు దొరికితే వదలకండి, ఒంటరిగా పరీక్ష అంటే బెదిరే పిల్లలు అక్కడ వికసిస్తారు.

పేర్లు పంపే ముందు ఇవి కనుక్కోండి: తప్పు జవాబుకు మార్కులు తీస్తారా, ప్రశ్నలు ఏ భాషలో ఉంటాయి, పరీక్ష ఎక్కడ, ఫీజు కట్టలేని పిల్లలకు ఏం చేస్తారు, పరిష్కారాలు తిరిగి ఇస్తారా.

పోటీకి ముందు నెల

వారానికి ఒక పాత పేపరు, నిజమైన టైముతో. అంతకన్నా వద్దు. పేపరు రాయించడం కన్నా రాశాక దాన్ని విప్పి చూడటానికి ఎక్కువ టైము పెట్టండి. ప్రతి పిల్లవాడూ తన తప్పుల్ని మూడు కుప్పలు చేయాలి: తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, టైము చాలక ముట్టుకోనివి. మందు మూడింటికీ వేరు. రెండో కుప్ప పెద్దదిగా ఉన్న పిల్లవాడికి ఇంకో పది పేపర్లు ఇస్తే తొందర ఇంకా పెరుగుతుంది.

మైనస్ మార్కులున్న పేపరైతే ఊహించి గుర్తు పెట్టాలా వద్దా అన్నదాన్ని సలహాగా చెప్పకండి, లెక్కగా ఇవ్వండి. ఐదు ఆప్షన్లు, సరైనదానికి 4, తప్పుకు మైనస్ 1 అనుకుందాం. గుడ్డిగా ఐదు ప్రశ్నలకు గుర్తు పెడితే సగటున ఒకటి సరి, నాలుగు తప్పు: 4 − 4 = 0. లాభమూ లేదు, నష్టమూ లేదు. ప్రతి ప్రశ్నలో ఒక ఆప్షన్ తప్పని కచ్చితంగా తేల్చగలిగితే? నాలుగు ప్రశ్నలకు ఒకటి సరి, మూడు తప్పు: 4 − 3 = 1. అప్పుడు ఊహించడం లాభమే. మార్కుల పద్ధతి మారితే ఈ లెక్క మళ్లీ వేసుకోవాలని వాళ్లకే తడుతుంది, సంభావ్యత పాఠం కూడా పనిలో పనిగా అయిపోతుంది.

పరీక్షకు ముందు రోజు ఏమీ చేయించకండి.

మీ బడి సొంత పోటీ

బయటి పోటీ ఎంత మంచిదైనా, ఏడాదిలో ఒకటైనా మీ బడిలో పుట్టిన పోటీ ఉండాలి. ఉదయం విడివిడిగా రాసే పేపరు: నాలుగు లెక్కలు, రెండు గంటలు. మొదటిది అందరూ చేయగలిగేది కావాలి. పేపరును అది తయారు చేయని ఇద్దరి చేత ముందే చేయించండి. ప్రశ్నలో అస్పష్టత తయారు చేసినవాళ్లకు కనబడదు. జవాబు పత్రాల మీద పేర్లకు బదులు నంబర్లు వేయండి, ఒక్కో లెక్కను అన్ని పత్రాల్లోనూ ఒక్కరే దిద్దాలి.

మధ్యాహ్నం రిలే. నలుగురి టీము, వరుసగా కూర్చుంటారు. మొదటివారి జవాబు రెండోవారి ప్రశ్నలోకి వెళ్తుంది. ఒక నమూనా: మొదటివారికి, "20 లోపు ప్రధాన సంఖ్యలెన్ని?" రెండోవారికి, "నీకు వచ్చిన సంఖ్య ఎంతో అన్ని భుజాలున్న బహుభుజిలో ఎన్ని కర్ణాలు గీయవచ్చు?" మూడోవారికి, "నీకు వచ్చిన సంఖ్యకున్న కారణాంకాలన్నీ కూడితే ఎంత?" నాలుగోవారికి, "1 నుంచి నీకు వచ్చిన సంఖ్య దాకా అన్నీ గుణిస్తే చివర ఎన్ని సున్నాలు?" వరుసగా 8, 20, 42, 9 రావాలి. తమ ముందువారి జవాబు తప్పని అనుమానం వస్తే కాగితం వెనక్కి పంపవచ్చు, మాట్లాడకూడదు. 8 బదులు 9 వస్తే 1ని ప్రధాన సంఖ్యగా లెక్కపెట్టారని అర్థం, ఏ టీచరూ వివరించనక్కర్లేకుండా ఆ తప్పు ఆ టీముకు జన్మలో మళ్లీ జరగదు.

బహుమతుల విషయంలో అంతర్జాతీయ ఒలింపియాడ్ నుంచి ఒక నియమం అరువు తెచ్చుకోండి. అక్కడ పతకం రాకపోయినా, ఒక్క లెక్కను 7కి 7తో పూర్తి చేసినవాళ్లకు గౌరవ ప్రశంస ఇస్తారు. మీ బడిలోనూ మొత్తం మార్కులతో సంబంధం లేకుండా ఒక్క లెక్కను సంపూర్ణంగా రాసిన ప్రతి ఒక్కరి పేరూ చదవండి. అన్నింటికన్నా అందమైన పరిష్కారానికి విడిగా ఒక బహుమతి పెట్టండి, ఆ పరిష్కారాన్ని రాసినవారి చేతే అందరి ముందూ చెప్పించండి.

దీనికి తేదీ కావాలంటే మార్చి 14 ఉంది. యునెస్కో 2019లో దాన్ని అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది, 2020 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు పై (π, అంటే 3.14...) విలువలోని అంకెలు ఎవరెన్ని కంఠతా చెబుతారన్న పోటీ చాలాచోట్ల పెడతారు. సరదాకు బాగానే ఉంటుంది గానీ అందులో లెక్క లేదు. దానికన్నా గుండ్రటి వస్తువులు పాతిక తెచ్చి, దారంతో చుట్టుకొలతలూ స్కేలుతో వ్యాసాలూ కొలిపించి, ఒకదాన్ని ఇంకోదానితో భాగించమనండి. చిన్న మూతకూ పెద్ద పళ్లేనికీ ఒకే సంఖ్య దగ్గరికి వస్తుంటే, ఏ కొలత ఎక్కువ తప్పుతోందో, ఎందుకో వాళ్లే వాదించుకుంటారు.

ఫలితాలు వచ్చాక

ఫలితం వచ్చిన వారంలోనే ఆ పేపరును తరగతి మొత్తానికీ ఇవ్వండి, రాయనివాళ్లకు కూడా. పోటీకి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో లెక్కను బోర్డు దగ్గర చెప్పాలి, తమకు పరీక్షలో రాని లెక్కనైతే మరీ మంచిది. ర్యాంకు రానివాళ్లతో విడిగా కూర్చుని, పేపరులో వాళ్లు సరిగ్గా ఆలోచించిన చోటు ఒకటి వేలు పెట్టి చూపించండి. "పర్వాలేదులే" అంటే వాళ్లకు ఏమీ చెప్పినట్టు కాదు. తల్లిదండ్రులకు ఫలితం చెప్పేటప్పుడు ఇతరుల ర్యాంకులు చెప్పకండి.

ఏడాది చివర

మొదటి వారంలో ఇచ్చిన పది ప్రశ్నల కాగితాన్నే మళ్లీ ఇచ్చి, పాత పట్టికతో పోల్చండి. ఏ తప్పు తరగతిలో ఇంకా మిగిలిందో రాసి వచ్చే ఏడాది ఆ పిల్లలకు చెప్పబోయే టీచర్‌కు ఇవ్వండి.

బోర్డు లెక్కలకు ఒక రిజిస్టరు పెట్టండి. ఒక్కో లెక్కకు ఒక పేజీ: ఏ వారం పెట్టారు, ఎన్ని కాగితాలు వచ్చాయి, పిల్లలు ఎక్కడ ఆగారు, ఏ హింటు పనికొచ్చింది, మీరు ఊహించని పరిష్కారం ఎవరైనా రాశారా. రాసి ఉంటే ఆ కాగితాన్నే అక్కడ అంటించేయండి. ఎవరూ ముట్టుకోని లెక్కల పేజీ మీద అడ్డంగా గీత కొట్టండి. బాగా నడిచినవాటి మీద ఐదేళ్ల తర్వాతి సంవత్సరం రాసి పెట్టండి. అప్పటికి వాటిని చేసిన పిల్లలంతా బడి దాటి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి అవే లెక్కలు, అవే చీటీలు మళ్లీ వాడుకోవచ్చు.